మోదుగాకు బుట్ట

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఒక రొయ్యల కంపెనీకి ఐసు షెడ్డు ఉండేది. రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు అందులో రాతపని చేశాను. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం మంట మా మేనేజర్ మీద, సగం నా మీద.

అడవి పల్లెల వాళ్లు నదిలో పట్టిన రొయ్యలను బుట్టల్లో తెచ్చేవారు. ఎండ తగలకుండా పైన తడి ఆకులు కప్పేవారు. ఒక పల్లెది టేకాకు, ఇంకో పల్లెది అడ్డాకు, పై రేవు పల్లెది మోదుగాకు. తాతల నాటి అలవాటు అది. బుట్టలన్నీ ఒకేచోట దించినా ఎవరివి ఎవరివో ఆకు చూసి చెప్పేసేవారు. నెల తిరక్కుండా నేనూ నేర్చుకున్నాను. ఏ రోజు ఏ పల్లె బుట్టలు వచ్చాయో నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు. నా చేతిరాత బాగుంటుందని నాకు కాస్త పొగరు.

ఇంతలో మన దేశానికీ ఇంకో దేశానికీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది. సరుకు మన నీళ్లలోనే పుట్టి పెరిగిందని ధ్రువపత్రం చూపిస్తే అక్కడ సుంకం తగ్గుతుంది. అందుకని రొయ్య ఎక్కడిదో నింపే ఫారాలు మా షెడ్డుకు వచ్చాయి. నేను సంబరంగా పల్లెల పేర్లు రాశాను. మేనేజర్ వాటిని చింపేసి, కోస్తాలో ఒక ఆసామి రొయ్యల చెరువు పేరు రాయమన్నాడు.

"గిట్ల రాస్తే అబద్ధం గాదా సార్?"

"వాళ్లకి కావలసింది దేశం పేరు. నీ అడవి పేరు ఎవడిక్కావాలి? ఆ చెరువుకి రిజిస్ట్రేషన్ ఉంది. నీ గోదారికుందా?"

గోదావరికి రిజిస్ట్రేషన్ లేదట! నోరు మూసుకుని రాశాను.

కొన్నాళ్లకు ఒక లోడు తిరిగొచ్చింది. చెరువు రొయ్యలూ మా నది రొయ్యలూ కలిపి పంపిన లోడు అది. నిషేధించిన మందు ఆనవాళ్లు దొరికాయట. చెరువుల్లో తెగులు రాకుండా వాడే మందు. గోదావరిలో ఎవడు పోస్తాడు? కానీ ఆసామి పేరు చెడకూడదు కదా. మేనేజర్ నా నోట్‌బుక్కు తిరగేశాడు. ఆ వారం వచ్చినవన్నీ మోదుగాకు బుట్టలేనని నా గుండ్రటి అక్షరాల్లోనే ఉంది. సరుకు బాగున్నన్నాళ్లూ చెరువుది, తప్పు బయటపడగానే పై రేవు పల్లెది! ఆ పల్లె రొయ్యలు కొనబోమని నా చేతే రాయించి, నా చేతే గోడకు అంటింపజేశాడు.

మరునాడు ఆ పల్లె నుంచి ఒక పెద్దమ్మ బుట్టతో వచ్చింది. భర్త పోయాక ఒక్క వల మీద ఇల్లు నడుపుతున్న మనిషి.

"ఏంది బిడ్డా, మాకు జరమొస్తే గోలీ దొరకది. గంగకు మందు పోస్తమా?"

"కంపెనీ రూలు పెద్దమ్మా" అన్నాను. అంతకన్నా సిగ్గులేని మాట నా జన్మలో అనలేదు. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాడు మళ్లీ వచ్చింది. బుట్ట మీద ఏ ఆకూ లేదు. నడిచొచ్చిన ఎండకు పైవరస రొయ్యలు వాడిపోయాయి.

"ఆకు తీసేసిన బిడ్డా. గిప్పుడు మేం ఏ ఊరోళ్లమో ఎవలకీ తెల్వది. కొను" అంది.

నేను కొనలేదు.