చదరపు ముక్కకు పై అంచు ఏది?

కంబదూరు మండలంలోని ఆ ఊళ్లో గడులు గడులుగా నేసే మ్యాటీ గుడ్డ మీద కత్తెర పెట్టే హక్కు పదకొండేళ్లపాటు ఎలిజబెత్ ఒక్కదానిదే. ఆ హక్కును ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. తీసేసుకున్నప్పుడు కూడా ఎవరూ కాగితం చూపలేదు.

ఆమెది కుందుర్పి దగ్గరి పల్లె. మిషన్ హాస్టల్లో ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఇంటూ గుర్తులాగా దారాన్ని అడ్డంగా దాటించే క్రాస్ కుట్టు అక్కడి కుట్టు టీచరమ్మ దగ్గర నేర్చుకుంది. కుట్టు వారంలో వచ్చింది. గుడ్డ ఎంచడం రావడానికి రెండేళ్లు పట్టింది. టీచరమ్మ గుడ్డను కిటికీకి ఎదురుగా పట్టించేది. వెలుతురులో చిల్లులు తీరుగా వరుసకట్టి కనబడకపోతే పక్కన పెట్టించేది. మూలకు మూల పట్టి లాగించేది. మరీ సాగిందంటే ఆ తాను పనికిరాదు. నచ్చిన గుడ్డనైనా ముందు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే టేపు ముట్టుకోనిచ్చేది. ఆ తర్వాత సూది మొనతో అంగుళానికి ఎన్ని గడులున్నాయో నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి లెక్కించాలి. బొమ్మలోని గడులను ఆ అంకెతో భాగిస్తే బొమ్మ ఎన్ని అంగుళాలో తేలుతుంది. ఫ్రేము బిగించడానికి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలాలి.

పెళ్లయి ఈ ఊరొచ్చాక, చేలలో కూలి దొరకని నెలల్లో ఎలిజబెత్ పన్నెండు మంది ఆడవాళ్లకు ఇదంతా నేర్పింది. అనంతపురంలోని ఒక సంస్థ గుడ్డా దారమూ పంపేది. వీళ్లు కుట్టి ఇచ్చేవాళ్లు. వాళ్లు పంపే మ్యాటీ గుడ్డకు ఒక వంకర ఉంది. అడ్డంగా అంగుళానికి పద్నాలుగు గడులుంటే, నిలువునా పన్నెండే ఉంటాయి. ఎలిజబెత్ దానికి తగ్గట్టే బొమ్మ గీసింది. గుండ్రంగా అల్లుకున్న వేరుశనగ తీగ: అడ్డం నూట నలభై గడులు, నిలువు నూట ఇరవై. ఎటు కొలిచినా పది అంగుళాలు. అదే గుడ్డను పక్కకు తిప్పి కుడితే వెడల్పు పదకొండున్నర దాటుతుంది, ఎత్తు ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోతుంది. గుడ్డ తాను చేతిలో ఉన్నంతకాలం ఈ ప్రమాదం రాలేదు. నేత అంచును బట్టి ఏది నిలువో చూపుడు వేలితోనే తెలిసేది. ముక్క కత్తిరించగానే పై అంచున ఎర్రదారంతో ఒక కుట్టు వేసేది.

పల్లెటూరి ఆడవాళ్లు గుడ్డ వృథా చేస్తున్నారని సంస్థలో ఎవరికి తోచిందో తెలియదు. ఎంత వృథా అయిందో ఎవరూ కొలిచి చెప్పలేదు. ఈ ఏడాది తానుకు బదులు పదహారు అంగుళాల చదరపు ముక్కలు ఇరవై వచ్చాయి. నేత అంచులు కోసేసి, పోగులు ఊడకుండా నాలుగు పక్కలా మిషను మీద ఓవర్‌లాక్ కొట్టారు. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. కాని నాలుగు పక్కలూ సమానమైన ముక్కకు, అంచు కూడా లేకపోతే, పై ఏదో కింద ఏదో చెప్పే ఆనవాలే లేదు.

ఎలిజబెత్ వెంటనే సంస్థ సూపర్‌వైజరు సందీప్‌కు ఫోన్ చేసి కత్తిరించని తాను పంపమని అడిగింది. అన్నీ తయారు చేసి పంపిస్తుంటే ఇంకా ఇబ్బంది ఏమిటని అతను నవ్వాడు. ఇక ఆమె ముక్కలను దొంతిగా పెట్టుకుని ఒక్కొక్కటే టేపు కింద లెక్కించడం మొదలుపెట్టింది. మొదటి నాలుగూ ఒకే దిశలో ఉన్నాయి. ఐదోది తీయబోతుండగా ఆరు రోజులుగా రాని నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందె పట్టుకుని పరుగెత్తకపోతే ఇంకో ఆరు రోజులు ఇల్లు ఎండుతుంది. దొంతి అంతా ఒకే తీరున పేర్చి ఉంటారనుకుని, మిగిలిన వాటికీ అదే పక్కన ఎర్రదారం వేయమని పక్కింటి మారెక్కకు చెప్పి పరుగెత్తింది.

దొంతి కలగాపులగంగా ఉంది. ఇరవైలో తొమ్మిది ముక్కలు పక్కకు తిరిగి ఉన్నాయి. తీగను నడిమి నుంచి ఆకూ ఆకూ కుట్టుకుంటూ పోతారు కాబట్టి, చుట్టు పూర్తయ్యేదాకా బొమ్మ కోలగా సాగడం ఎవరికీ కనబడలేదు. కనబడేసరికి నెల దాటింది. గడువు పేరుతో సంస్థ వాళ్లు అన్నీ పట్టుకుపోయారు.

పది రోజులకు సందీప్ ఆ తొమ్మిదీ, పోల్చి చూపడానికి సరైనది ఒకటీ వెనక్కి తెచ్చి ఎలిజబెత్ పంచలో పరిచాడు. ఆడవాళ్లంతా చేరారు.

"ఏమక్కా, గుండ్రంగా కుట్టమంటే కోడిగుడ్లు కుట్టినారు?" అన్నాడు.

ఎలిజబెత్ టేపు, సూది అతని చేతికిచ్చి, అంగుళం లెక్కబెట్టమంది. అడ్డంగా పన్నెండు వచ్చింది. నిలువునా పద్నాలుగు వచ్చింది. సరిగ్గా వచ్చిన ముక్క ఒకటి తీసి మళ్లీ లెక్కబెట్టించింది. అడ్డం పద్నాలుగు, నిలువు పన్నెండు. అతనికి అర్థమైంది. అర్థమైనట్టు ముఖం మీద కనబడింది కూడా. అయినా సంచిలోంచి అచ్చు ఫారం తీశాడు. కార్మికుల అజాగ్రత్త వల్ల సరుకు చెడిందనీ, పూర్తి బాధ్యత తమదేననీ అందులో ముందే రాసి ఉంది. గుంపు పెద్దగా ఎలిజబెత్ కింద సంతకం చేయాలి. చేయకపోతే కొత్త గుడ్డ రాదు.

"నువ్వే లెక్కబెడితివి కదప్పా. అంచు కోసింది మేమా?" అంది ఎలిజబెత్.

"కాదక్కా. కాని ఆ మాట రాసేదానికి ఇందులో చోటు లేదు. నేనేం చేసేది?"

మారెక్కకు ఓపిక పోయింది. "పెట్టెయ్ మే సంతకం. నీ చెయ్యి అరిగిపోతాదా? వాన రాలేదు, చేలో పని లేదు. గుడ్డ గూడా రాకుంటే ఈడ కూచోని ఏం కుట్టేది, మన నోళ్లా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వులో ఎలిజబెత్ పక్షం ఎవరూ లేరు. అది ఆమెకు ఫారం కంటే ఎక్కువ గుచ్చుకుంది. సంతకం పెడితే పన్నెండు మందికి పని దక్కుతుంది. పన్నెండు మందీ పని రానివాళ్లని కూడా రుజువవుతుంది. రేపు ఇంకో దొంతి ఇలాగే వస్తుంది. అదీ ఇలాగే చెడుతుంది. అప్పుడు చూపించడానికి ఈ సంతకమే వాళ్లకు సాక్ష్యమవుతుంది.

ఆమె పెన్ను అడిగి తీసుకుంది. అచ్చు వాక్యాన్ని ఒకే గీతతో కొట్టేసి, కింద ఖాళీలో మెల్లగా రాసింది: నాలుగు ముక్కలే లెక్కించి ఇరవైకీ గుర్తు పెట్టించడం నా తప్పు. నేత అంచులు కోసి, దిశ తప్పించి పేర్చడం ముక్కలు పంపినవాళ్ల తప్పు. తాను ఇవ్వండి, కొలత బాధ్యత మొత్తం నాది. సంతకం పెట్టి, తేదీ వేసింది.

"ఇది చెల్లదక్కా."

"నా తప్పు ఎంతుండాదో అంత రాసినా. వాళ్లది గూడా నా నెత్తిన రుద్దితే మొయ్యను. తీసకపో."

సందీప్ తీసుకుపోయాడు. మారెక్క ఆ వారమంతా ఆమె పంచలోకి రాలేదు. వీధిలో ఎదురైనా మాట కలపలేదు.

మూడో వారం సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. తదుపరి ఆదేశాల వరకు ఈ గుంపుకు పని నిలిపివేయడమైనది. గుడ్డ ప్రస్తావన లేదు, అంచుల ప్రస్తావన లేదు, ఆమె రాసిన మూడు వాక్యాల్లో ఒక్కదానికీ జవాబు లేదు.

ఎలిజబెత్ బస్సెక్కి కంబదూరు వెళ్లి రిజిస్టరు పోస్టులో సంస్థకు ఒకే ప్రశ్న పంపింది: అంచులు కోయమని చెప్పింది ఎవరు, ఏ తేదీన? అందినట్టు కార్డు తొమ్మిది రోజులకు తిరిగొచ్చింది. దాని మీద ఒక సంతకం ఉంది. ఎవరిదో ఎంత చూసినా తెలియలేదు. రెండోసారి అదే ప్రశ్న రాయడానికి ఆమె నోటుబుక్కులోంచి కాగితం చించుతుండగా, గడపలో మారెక్క నిలబడి, ఈసారి తన పేరు కూడా రాయమంది.