మిసెస్ మోరీ కత్తికి చింతపండు

మొన్న ఫార్మర్స్ మార్కెట్‌లో కత్తులు సానపట్టే బల్ల పక్కనుంచి వెళుతుంటే తడిసిన ఇనుము వాసన వచ్చింది. సంచిలో కొత్తిమీర వాడిపోతుందని తెలిసీ అక్కడే నిలబడిపోయాను. కొందరికి మల్లెపూల వాసనకు మనసు కరుగుతుంది. నాకు తుప్పు వాసనకు కరుగుతుంది. ఏం చేయను, నా ముఖాన అదే రాసిపెట్టి ఉంది. ఆ వాసన తగిలితే చాలు, మిసెస్ మోరీ గ్యారేజీలోకి వెళ్ళిపోతాను.

ఎనభైల మొదట్లో మేము కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో కాపురం పెట్టాం. మావారు పొద్దున్నే కారు తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోతే ఆ వీధిలో పలకరించడానికి మనిషి కనిపించేది కాదు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పనిచేయడానికి వీసా ఒప్పుకోక ఇంట్లో కూర్చున్నదాన్ని. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నాకు దొరికిన సలహా ఒక్కటే: కాస్త నోరు తగ్గించుకో. పక్కింటి మిసెస్ మోరీ మాత్రం నాతో సమానంగా నోరు పెంచింది. అమెరికాలోనే పుట్టిన జపనీస్ ఆవిడ, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది, భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఆవిడ నిమ్మచెట్టు కొమ్మ మా కంచె మీదికి వాలడం గురించి మొదలైన మా మొదటి వాదన భోజనాల వేళ దాకా సాగింది. చివర్లో, "రేపు కూడా వస్తావా?" అని అడిగింది. "మీరు ఒప్పుకునేదాకా వస్తాను," అన్నాను.

ఒకసారి ఆవిడ కూతురు గ్యారేజీ సేల్ పెట్టించడానికి వచ్చింది. అమ్మే సామాన్ల పెట్టెలోంచి పాత పేపర్లో చుట్టిన కత్తి ఒకటి బయటపడింది. వెడల్పాటి రేకు, చెక్క పిడి, నిలువెల్లా తుప్పు. "నాన్నది కదా! ఎవరు కొంటారు మామ్ దీన్ని? ట్రాష్‌లో వేసేయ్," అంది కూతురు. మిసెస్ మోరీ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. మారు మాట్లాడలేదు. ఆవిడ మారు మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి, "నేను బాగుచేస్తాను," అనేశాను.

కూతురు వెళ్ళాక సంగతి చెప్పింది. అది కూరగాయలు తరిగే కత్తి. మిస్టర్ మోరీ జపాన్ వెళ్ళినప్పుడు కొనుక్కున్నది. బతికున్నన్నాళ్ళూ ఆవిడను ముట్టనివ్వలేదట. "నీకు తెలియదు, పాడుచేస్తావ్ అనేవాడు. ఆయన పోయాక తీద్దామనుకునేసరికి నా చేతులిలా అయ్యాయి," అని కీళ్ళు వాచిన వేళ్ళు చూపించింది. "దాంతో నా చేత్తో నేను కోయాలి. అంతే నాకు కావలసింది."

"సానపట్టడం నేర్పుతారా మరి?"

"నాకేం తెలుసు? చేస్తానన్నది నువ్వు."

"నాకూ తెలియదు."

"బాగుంది. ఇద్దరిదీ ఒకే క్లాసు."

తెలియదని ఒప్పుకుని ఊరుకునే తత్వం కాదు నాది. బర్కిలీలోని ఇండియన్ కొట్టు దాకా వెళ్ళి తెచ్చుకున్న చింతపండు నానబెట్టి, ఇత్తడి బిందెకు పట్టించినట్టు కత్తికి దట్టంగా పట్టించి మధ్యాహ్నమంతా వదిలేశాను. ఆమ్లం తుప్పును తింటుంది, అది నా చదువు. తుప్పు అయిపోయాక ఇనుమును తింటుంది, అదీ నా చదువే, ఆ పూట గుర్తు రాలేదు. కడిగి చూస్తే కత్తి పెనంలా నల్లబడింది. అంచు చీమలు కొరికినట్టుంది. "పోనీ కొత్తది కొనిచ్చేద్దాం, శాన్ ఫ్రాన్సిస్కోలో దొరుకుతుంది," అన్నారు మావారు. "ఆవిడని ముట్టుకోవద్దన్న కత్తి షాపులో దొరుకుతుందా?" అని ఆయన మీద విరుచుకుపడి, ఏడుస్తూ పక్కింటికి వెళ్ళాను.

మిసెస్ మోరీ కళ్ళజోడు సర్దుకుని చూసింది. వాసన చూసింది. వేలితో రాసి నాలుకకు అంటించుకుంది. "ఇది నువ్వు పంపే చారు రుచి!"

"చింతపండు పట్టించాను."

"నా మొగుడి కత్తిని చారులో వేశావా!" నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. నవ్వు ఆగాక కత్తిని మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "ఆయన నన్ను ఒక్కసారి కూడా పాడుచేయనివ్వలేదు. అందుకే నాకేమీ రాలేదు. నువ్వు పాడుచేశావు, నీకు ఇప్పుడు కొంచెం తెలుసు. ఆయన సానరాయి గ్యారేజీలో ఉంది, నీళ్ళలో వెయ్."

ఆవిడకు పద్ధతి తెలియదు గానీ చప్పుడు తెలుసు. మిస్టర్ మోరీ గ్యారేజీలో సానపడుతుంటే ఏళ్ళ తరబడి వంటింటి గోడ ఇవతల కూర్చుని విన్న చప్పుడు. తడిరాయి మీద కత్తి వాలును ఆనించి నేను లాగుతుంటే, కళ్ళు మూసుకుని వినేది.

"కాదు, గీరుతోంది. ఇంకాస్త పడుకోబెట్టు."

"పడుకోబెట్టాను."

"లేదు, వాదిస్తున్నావు. నాతో వాదించు, రాయితో కాదు."

అలాగే వాదించాను. ఎన్నికల గురించి, దేవుడి గురించి, అన్నంలో ఉప్పు వేయాలా వద్దా అన్నదాని గురించి. చేయి కుదురుగా ఉంచి నోటితో పోట్లాడే విద్య నాకు ఆ గ్యారేజీలోనే పట్టుబడింది. నల్లటి మచ్చలు పూర్తిగా పోలేదు. గాట్లు మాత్రం మెల్లగా అరిగాయి. ఒక మధ్యాహ్నం నేను ఏదో అంటుంటే ఆవిడ కుర్చీ ముందుకు జరిపింది. తలెత్తి చూశాను. "ఆపకు," అంది, కళ్ళు తెరవకుండానే. "వచ్చింది, ఆయన చప్పుడు."

వేళ్ళకు పట్టు దొరకాలని పిడి చుట్టూ గుడ్డ చుట్టి లావు చేశాను. ఆవిడ ఫ్రిజ్‌లోంచి ముల్లంగి తీసి బల్ల మీద పెట్టింది. మిస్టర్ మోరీ దాన్ని తెగకుండా పల్చటి పొరగా చెక్కుతూ కాగితం చుట్టలా విప్పేవారట. ఆవిడ కోసిన ముక్క ఒకవైపు దళసరి, ఇంకోవైపు పల్చన. ఉప్పద్దుకుని కరకరా నమిలింది. "ఘోరంగా కోశాను," అంది, ముఖమంతా వెలుగుతూ. వెంటనే ఇంకో ముక్క కోసింది. ఆ పూటకు ముల్లంగి మొత్తం అయిపోయింది. కత్తి మళ్ళీ పెట్టెలోకి వెళ్ళలేదు.

మిసెస్ మోరీ ఇప్పుడు లేదు. నాకు తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది, ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, ఒకరిద్దరికి పని నేర్పే స్థాయీ వచ్చింది. మీటింగుల్లో నా నోటికి మంచి పేరే ఉంది. కొత్తవాళ్ళు ఏదైనా చెడగొడితే, ఇక వాళ్ళని దాని దగ్గరికి రానివ్వొద్దని పెద్దలంతా తీర్మానించేస్తారు. ఆ తీర్మానం వీగిపోయేదాకా నేను కుర్చీలోంచి లేవను. ఆ పనికి నోరు ఇంత అవసరమని నాకు తెలిసింది ఆవిడ వల్లే. పోయిన వారం ఒకమ్మాయి నెలల తరబడి పెంచిన స్ఫటికాలను ఒలకబోసి ఏడుస్తూ నా గదికి వచ్చింది. ముందు బాగా నవ్వాను. తర్వాత కొత్త గాజుపాత్ర ఆ అమ్మాయి చేతిలోనే పెట్టాను.