తాతబ్బాయిగారి పాత క్యాలెండర్లు

అల్లవరం మెకానిక్ తాతబ్బాయిగారికి పాత క్యాలెండర్ల పిచ్చి. కొత్తది ఇస్తే పక్కన పెట్టేసి, "రెండువేల తొమ్మిదిది ఉందాండి?" అంటారు. పెళ్లికి వెళ్తే అక్షింతలు వేసి, భోజనాల వైపు కాకుండా వంటింటి గోడల వైపు నడుస్తారు. ఒకసారి వియ్యంకుడి ఇంట్లో మేకుతో సహా పీక్కొచ్చారని చెప్పుకుంటారు.

ఆ పిచ్చికో పద్ధతుంది. కంపెనీలు బండి పేరు మార్చకుండానే లోపల బోల్టుల చోటు మార్చేస్తుంటాయి. అందుకని ఏ ఏడాది ఇంజను విప్పినా, గేర్‌బాక్సు తగిలే ముఖం మీద అదే ఏడాది క్యాలెండరు అట్ట పెట్టి, కన్నాలు కత్తిరించి దాచుకుంటారు.

సత్యశ్రీకి ఆ శనివారం ఇదంతా నవ్వులాటగా లేదు. దిండి హౌస్‌బోట్లకు ఆమె టిఫిన్లు మోసే వ్యాను ఇంజను పోయింది. సోమవారం పొద్దున్న టిఫిన్లు అందకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు బోట్లవాళ్లు. కొత్తపేటలో పాత బళ్లు విప్పి అమ్మే యార్డులో ఇంజనొకటి కొని, ట్రాలీ ఆటోలో తెచ్చింది.

తాతబ్బాయిగారు ఆమె వ్యాను ఏడాది అట్ట తీసి, ఆ ఇంజను మీద పెట్టి చూశారు. "ఆరింట్లో అయిదు కన్నాలే కలిసేయమ్మా. నీ గేర్‌బాక్సు రెండువేల తొమ్మిదిది, ఇంజను పదమూడుది."

"ఒక్క బోల్టే కదండీ బాబాయిగారూ! అయిదింటితో నడవదా?"

"ఆయ్, నడుస్తాది. రాజోలు దాకా బండి నడుస్తాది. అక్కణ్ణించి నువ్వు నడుస్తావు."

"పోనీ కన్నం కొట్టేయండి!"

"ఆ పక్కనే ఇంజన్ని చల్లబరిచే నీళ్ల దారుందమ్మా. పైన పోస్తే కింద కారతాది."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోమని బోర్డు రాసి పెట్టేరండీ అక్కడ!"

ఆయన అట్టను ఆమె చేతిలో పెట్టారు. "ఆరూ కలిసిందే తీసుకో. జాగ్రత్తమ్మా, నలగనివ్వకు!"

మనిషి నలిగిపోతుంటే అట్ట నలగకూడదట! సత్యశ్రీ తిట్టుకుంటూనే కొత్తపేట వెళ్లింది.

యార్డు మాణిక్యాలరావు బోర్డు వైపు వేలు ఎత్తబోయి, అట్టను చూసి దించేశాడు. "తాతబ్బాయిగారు పంపించేరా? ముందే చెప్పొద్దామ్మా! తొమ్మిదిది ఆ మూలనుంది, దానికి బదులు తీసుకెళ్లండి."

"మరి ముందు తీసుకెళ్లిన ఆ ఇంజను?"

"ఆయన దగ్గరే ఉండనివ్వండి. ఈ అట్టకి కుదరనిది ఏదైనా తనే కొనుక్కుంటానని మాటిచ్చేరు. కొన్నవాళ్లకి చెప్పొద్దన్నారు." నాలిక కరుచుకున్నాడు. "చెప్పేసేనా?"

ఆదివారం మధ్యాహ్నానికి ఆరు బోల్టులూ కూర్చున్నాయి. సత్యశ్రీ క్లచ్ తొక్కి మొదటి గేరు వేసింది. వ్యాను చప్పుడు చేయకుండా కదిలింది. శనివారం నుంచి లేని ఆకలి ఆమెకు అప్పుడు వేసింది.

"బాబాయిగారూ, ఆ ఇంజను మీరు కొన్నారటగా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అదేం లేదమ్మా... నాకే పనికొస్తాదని..."

"ఏం పనికండీ?"

జవాబు దొడ్లోంచి వచ్చింది. ఆయన భార్య బుల్లెమ్మగారు చేటతో నిలబడి ఉన్నారు. వెనక ఎండలో పాతిక ఇంజన్లు, వాటి మీద పాత చీరలు, చీరల మీద వడియాలు.

"ఇంకోటొచ్చిందా? రానివ్వండి! గుమ్మడి వడియాలకి చోటు చాలక చస్తున్నాను!"