వార్డెనక్క చదువుతాంది

మీరు నవ్వినా సరే. నా ఇద్దరు బిడ్డల మీద ఒట్టేసి చెబుతున్నా... ఇది నాకు నంద్యాలలోనే జరిగింది.

అమ్మాయిల ఇంటర్ హాస్టల్లో వార్డెన్‌ని నేను. దిగులుగా ఉండే పిల్లలు మనసు విప్పుకోవడానికని కాలేజీవాళ్లు ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో చాట్‌బాట్. మన బాధ రాస్తే అది తెలుగులోనే ఓదారుస్తుంది. ఒక్కో పిల్లకు ఒక్కో ఖాతా తెరవమన్నారు. అరవై పాస్‌వర్డులు ఎవరు గుర్తుపెట్టుకుంటారని నా పేరుతో ఒకటే తెరిచి, అందరినీ అందులోనే రాసుకోమన్నాను. తెలివైన పని చేశాననుకున్నా. ఏమైంది? ఒకమ్మాయి మార్కులు తగ్గాయని ఏడిస్తే, అది ఇంకో అమ్మాయి కడుపునొప్పి గురించి అడిగేది. ఎవరి బాధ ఎవరిదో దానికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ రాత్రి ఒంటిగంట దాటింది. పిల్లల ఫోన్లన్నీ ఎప్పటిలాగే తొమ్మిదింటికే నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ట్యాబ్ నా గదిలో చార్జింగ్‌లో ఉంది. ఉన్నట్టుండి టక్... టక్... టక్... అని చప్పుడు. ఎలుకేమో అనుకున్నా.

లేచి చూస్తే ట్యాబ్ వెలిగి ఉంది. రాసే గడిలో ఒక్కో అక్షరం పడుతోంది... ఎవరూ ముట్టుకోవడం లేదు.

"నిద్ర రావట్లా."

"ఎక్కడ ఉన్నావు?" అని అడిగింది చాట్‌బాట్.

"మిద్దె మీద. గోడెక్కి కూచున్నా."

"దగ్గర్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అది మళ్లీ అడిగింది. గడిలో సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది... తర్వాత మళ్లీ టక్... టక్...

"వార్డెనక్క చదువుతాంది. తొందరగా రమ్మను."

చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. పిట్టగోడ మీద సుజాత. ఆళ్లగడ్డ పిల్ల, ఫస్టియర్. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వెనకనుంచి నడుం పట్టుకుని లాగాను. ఇద్దరం కింద పడ్డాం. పిల్ల చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఎట్ల రాసినావమ్మా?" అన్నాను, ఊపిరాడక.

"నేనేం రాయలేదక్కా. నా ఫోను మీ బీరువాలోనే ఉంది గదా."

తర్వాత నా ఒళ్లో పడి ఏడ్చింది. తెల్లారేదాకా ఏడుస్తూనే ఉంది. ఇన్నాళ్లూ ఆ బిడ్డ బాధ నా కంట పడలేదే అని నేనూ ఏడ్చాను.

పిల్లను కిందికి తెచ్చిన వెంటనే చూశాను, బీరువా తాళం వేసినట్టే ఉంది. మిగతా పిల్లలందరూ పడుకునే ఉన్నారు, ఒక్కొక్కరినీ తట్టి చూశాను. ట్యాబ్‌లో ఆ మాటలన్నీ నా పేరుతోనే ఉన్నాయి. నేనే నిద్రలో రాశానా? మరి నా కళ్లెదుట పడిన అక్షరాలేమిటి?

ఎవరో పిల్ల చెబితే మిద్దె మీదికి పరిగెత్తానని ఫోన్‌లో చెప్పాను, పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి సుజాత నాయన వచ్చాడు. రాయి చెక్కే మనిషి, చొక్కా మీద ఇంకా రాతిపొడి ఉంది. బిడ్డను డాక్టరు దగ్గర కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఎవురు చెప్పినారు మేడం, నా బిడ్డ ఆడుందని? ఆ పాపను ఒక్కసారి పిలువు. దండం పెట్టుకుంటా."

చేతులు జోడించుకునే నిలబడ్డాడు. నేను ఎవరిని పిలవాలి?