సారు చూసిన పుట్టగొడుగులు

మా ఆయన నరసింహులు గారికి ఈ లోకంలో తినదగిన వస్తువు ఒక్కటైనా ఉందన్న నమ్మకం లేదు. మైక్రోస్కోపు కింద పెట్టి చూసేదాకా ఆయనకు ప్రతిదీ విషమే. చూశాకైనా అమృతం అయ్యేది కాదు. "ఇప్పటికైతే ఏమీ కనపడలేదు" అనేవారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నా వంటకు అంతకు మించిన మెప్పు దక్కలేదు.

పెళ్ళిచూపుల్లోనే మావాళ్ళు గ్రహించాల్సింది. లడ్డు చేతికిస్తే జేబులోంచి భూతద్దం తీసి దాన్ని తిప్పి తిప్పి చూశారు. మా నాయన కాసేపు ఓర్చుకుని, "అబ్బాయ్, నువ్వు చూడాల్సింది పిల్లను. లడ్డు సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఆయన తలెత్తి నన్నొక్క క్షణం చూసి, మళ్ళీ లడ్డు మీదికి పోయారు. నాలో అనుమానించదగింది ఏదీ లేకనే అంత తొందరగా తేల్చేశారని చాలాకాలం గర్వపడ్డాను.

మార్కాపురంలో జూనియర్ కాలేజీ బాటనీ లెక్చరర్ ఆయన. రిటైరైన రోజు శాలువా వద్దని, ల్యాబు మూలన దుమ్ము పట్టిన పాత మైక్రోస్కోపు అడిగి తెచ్చుకున్నారు. అది మా వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన ఉండేది. చింతపండు, బెల్లం, ఎదురింటివాళ్ళు పంపిన పొంగలి, అన్నీ ముందు దాని దగ్గర హాజరు వేయించుకుని తర్వాత మా నోటికి వచ్చేవి.

మాకు పాలు పోసే మాలకొండమ్మ తర్లుపాడు రోడ్డులో ఉంటుంది. ఇంటికి రెండు బర్రెలు, ఒక గొర్రెల మంద. ఆమె చెంబు వంచగానే ఆయన ఒక చుక్క గాజుపలక మీద వేసుకుని లోపలికి పోయేవారు.

"ఏంది సారూ, నా పాలల్లో చేపలేమన్నా ఈదుతున్నాయా?" అనేది ఆమె.

"ఇప్పటికైతే కనపడలేదక్కా."

"కనపడితే చెప్పు, పులుసు పెడతా."

పాలూ పొంగలీ ఒక ఎత్తు, పుట్టగొడుగులు ఒక ఎత్తు. తొలి వానలు పడితే చాలు, ఆయనకు అన్నం సయించేది కాదు. బజార్లో ఎవరి చేతిలో బుట్ట కనిపించినా వెంటబడి మూత తీయించేవారు. ఉడికేటప్పుడు వెండి ఉంగరం వేస్తే, అది నల్లబడకపోతే మంచివేనని మావైపు నమ్మకం. గొర్రె తిన్నవి మనిషీ తినొచ్చని ఇంకో నమ్మకం. ఆయన రెంటినీ ఒప్పుకునేవారు కాదు. పోనీ తినొచ్చో లేదో తనైనా చెప్పేవారా అంటే, అదీ లేదు. గొడుగు కాగితం మీద బోర్లించి, గ్లాసు మూసి, ధూళి రాలేదాకా ఆగమనేవారు. ఆయన తేల్చేలోగా అవి కుళ్ళేవి. ఫలానా పుట్టగొడుగు తినండి అని ఆయన నోట విన్న మనిషి మూడు మండలాల్లో లేడు.

నాలుగేళ్ళ కిందట ఒక వానాకాలం. ఆయన ముందురోజే ఒక స్నేహితుణ్ణి పలకరించడానికి గిద్దలూరు వెళ్ళి, ఆ మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మాలకొండమ్మ కొడుకు కాటమరాజు గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. పుట్టగొడుగుల కూర తిన్న రెండు గంటలకే అతని భార్య రమణికి వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్పించి పరుగున వచ్చాడు. రమణికి ఏడో నెల.

మేం వెళ్ళేసరికి ఆ పిల్ల మంచం అంచు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. డాక్టరు మా ఆయన్ని పక్కకు పిలిచాడు. కొన్ని రకాలకు సెలైన్ చాలునట. కొన్ని రెండు రోజులు ఊరుకుని కాలేయాన్ని తినేస్తాయట. అవైతే ఇప్పుడే గుంటూరు పంపాలి. ఈ స్థితిలో అంత దూరం కదిలిస్తే కడుపులో బిడ్డ నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు.

"తిన్నవి ఏంటో తేల్చండి సార్. ఆలస్యం చేయొద్దు."

ఆలస్యం చేయొద్దనే మాట ఆయనతో అనడం ఎంత భయంకరమో నాకొక్కదానికే తెలుసు.

కూర అయిపోయింది. చెక్కిన తుక్కు ఇంటి వెనక పేడదిబ్బలో వేశానంది మాలకొండమ్మ. అరటిపండును కూడా సబ్బుతో కడిగి తినే మా ఆయన ఆ దిబ్బలో మోకాళ్ళ మీద కూలబడి ఒట్టి చేతులతో తవ్వారు. నాలుగు కాడలు, అరముక్క గొడుగు దొరికాయి.

"ఎక్కడ కోసినావక్కా?"

"మన మంద కట్టిన చేలోనే సారూ, పుట్ట పక్కన. పుట్ట పక్కన మొలిస్తే పుట్టగొడుగే గదా?"

ఎరువు కోసం ఆ చేలో పది రాత్రులు మంద కట్టారు. అసలు పుట్టగొడుగుకు పుట్ట లోపలికి దిగే పొడుగాటి తోక ఉంటుంది. వీటికి తోక లేదు, కాడకు ఉంగరం ఉంది, మొదలు ఉబ్బింది. ఇవి పుట్ట బిడ్డలు కావు, పెంట బిడ్డలు. చంపే రకానికి కాడ మొదట్లో సంచి ఉంటుందట. మూడు కాడలకు లేదు. నాలుగోది సగంలో తెగిపోయింది. దాని మొదలు ఎంత వెదికినా దొరకలేదు.

మా వంటింట్లో గాజుపలక నేనే పట్టుకున్నాను. గొడుగు కింది పొరల్లోంచి ఒక నలుసు తీసి, నీటిచుక్కలో పెట్టి చూశారు. మందపాటి గోడలున్న కోడిగుడ్లలాంటి సిద్ధబీజాలు, అదే ఆ రాలే ధూళి, ఒక కొన కోసినట్టు చదునుగా. అయోడిన్ చుక్క వేస్తే ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. మిగిలిన ముక్కను తెల్లకాగితం మీద బోర్లించి గ్లాసు మూశారు. ఆ గ్లాసు వైపు చూస్తూ గంటన్నర కూర్చున్నాం. ఆసుపత్రి నుంచి కాటమరాజు రెండుసార్లు ఫోన్ చేశాడు. గ్లాసు ఎత్తితే కాగితం మీద పలుచగా ఆకుపచ్చ ధూళి. చంపే రకానిదైతే తెల్లగా రాలుతుందట. కాడలకు అంటుకున్న ప్రతి తునకనూ మళ్ళీ కటకం కింద పెట్టి, అన్నీ ఒకటే రకమని తేలాక లేచారు.

"ప్రాణం తీసేవి కావు. కడుపును తిప్పేస్తాయి, అంతే. గుంటూరు వద్దు" అన్నారు డాక్టరుతో. ఆ నోట అంత తెగిన మాట విని నేను గోడకు ఆనుకున్నాను.

పొద్దు వాలేసరికి రమణి కుదుటపడింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. అప్పుడు దిగాడు, కనిగిరి నుంచి రమణి అన్న హరికృష్ణ. ఆసుపత్రి వరండాలో మాలకొండమ్మ ముందు నిలబడి, కేకలు వేయకుండా అడిగాడు. అందుకే ఎక్కువ భయం వేసింది.

"నా చెల్లెలికి గిన్నెడు పెట్టినావు. నువ్వు ముద్దన్నా తినలేదంట. ఎందుకు?"

ఉన్నవే కాసిని, కడుపుతో ఉన్న పిల్ల తిననీ అని ముసలామె పచ్చడితో సరిపెట్టుకుంది. ఆ మాట ఆమెకు నోట రాలేదు. చెంగు నోట్లో కుక్కుకుంది. కాటమరాజు తల్లిని చూసి తల దించుకున్నాడు. హరికృష్ణ పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాడు.

"ఆమె తప్పు లేదు నాయనా" అన్నారు మా ఆయన. "పొద్దున బుట్ట తెచ్చి నాకు చూపించింది. తినొచ్చని నేనే చెప్పినాను."

మాలకొండమ్మ నా వైపు చూసింది. పొద్దున ఆయన గిద్దలూరులో ఉన్నారు. నేను వాకిలి వైపు చూశాను.

తర్వాత హరికృష్ణ ఆయన్ని పావుగంట తిట్టాడు. పిల్లలకు చదువు ఎట్ల చెప్పినావన్నాడు, కళ్ళు పరీక్ష చేయించుకోమన్నాడు. ఆయన ప్రతిదానికీ తల ఊపారు. కాటమరాజు తల్లి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాడు.

మర్నాటికి మార్కాపురమంతా పాకింది. జీవితంలో ఒక్కసారి తినొచ్చన్నాడు, అదీ తప్పే అని టీ కొట్ల దగ్గర నవ్వుకున్నారు. ఆయన బజారుకు పోతే కూరగాయల జ్ఞానమ్మ, "సారూ, ఈ సొరకాయ తినొచ్చా?" అనేది. "నన్నడగొద్దమ్మా, నా మాటకు గ్యారంటీ లేదు" అని ఆయనా నవ్వేవారు.

ఆయన పోయి ఏడాది దాటింది. మొన్న వానలకు మాలకొండమ్మ బుట్టతో వచ్చింది. ఒక్కొక్క గొడుగుకూ జానెడేసి తోక, మట్టితో సహా, తెగకుండా తవ్వి తీసింది. నేను ఒకటి పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. ముప్పై నాలుగేళ్ళ సావాసం, ఊరికే పోతుందా.

"భయపడబాకమ్మా" అంది. "పొద్దున సారుకు చూపించే తెచ్చినా. తినొచ్చన్నాడు."

ఆయన ఊళ్ళో లేకుండా చెప్పే మాటకు ఎంత విలువుందో మా ఇద్దరికీ తెలుసు. పొయ్యి వెలిగించాను.