మాస్టారి బూటు లేసు

మా పీటీ మాస్టారి వయసు యాభై ఏడు. కానీ రోజూ తొమ్మిది నుంచి పది దాకా మాత్రం ఆయనకి ఆరేళ్ళే.

మాది ప్రైమరీ స్కూలు టీచర్లను తయారుచేసే ట్రైనింగు కాలేజీ. లెక్కలూ భాషా చెప్పడంతో పాటు పిల్లల చేత ఆటలాడించడం కూడా నేర్చుకోవాలి. దానికి ఆయన పద్ధతి ఒకటే. మాలో ఒకరు టీచరు, మిగతావాళ్ళు పిల్లలు. మేం మొక్కుబడిగా పిల్లలమయ్యేవాళ్ళం. ఆయన నిజంగానే అయిపోయేవారు. బట్టతల, బానపొట్ట, మెడలో ఈలతో సహా వరస చివర నిలబడి ముందువాడి చొక్కా లాగేవారు. అవుటయితే ఒప్పుకునేవారు కాదు. ముందే గీత దాటేశానని ఒట్లు పెట్టి, మూతి ముడుచుకుని, గోడవైపు తిరిగి కూర్చునేవారు. బతిమాలి మళ్ళీ ఆటలోకి తెచ్చేసరికి మా తల ప్రాణం తోకకొచ్చేది.

ఒకసారి ప్రిన్సిపాల్ గారు ఏదో సంతకం కోసం మైదానంలోకి వచ్చారు. మాస్టారు అప్పుడు కప్పగంతులు వేస్తున్నారు. "మా టీచర్ని అడగండి" అని గెంతుకుంటూ వెళ్ళిపోయారు. ఆ పూట టీచర్ని నేను. ప్రిన్సిపాల్ గారు నా దగ్గరికొచ్చి, "ఏమ్మా, మీవాడు ఎప్పుడు పెద్దవాడవుతాడు?" అన్నారు. పదింటికండీ అన్నాను. పాపం, నీడలో నిలబడి గడియారం చూసుకున్నారు.

అన్నిటికన్నా విసుగు ఆ బూటు లేసు. పాఠం మధ్యలో చెయ్యి లేచేది. "టీచర్, నా లేసు ఊడిపోయింది." టీచరు ఆట ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని కట్టాలి. నా పాఠంలో అయితే మూడేసి సార్లు ఊడేది. మాలో పరుగుల్లో ఎప్పుడూ మొదటొచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. తన పాఠంలో ఒక్కసారీ ఊడలేదని గొప్పలు చెప్పుకునేది. ఆయనకి నా మీదే ఏదో కక్ష అనుకున్నాను.

నా సంగతీ చెప్పాలి. చిన్నప్పుడు జట్లు పంచుకునేటప్పుడు చిట్టచివర మిగిలేదాన్ని నేనే. "ఫరవాలేదులే, మీరే తీసుకోండి" అని రెండు జట్లూ నన్ను ఒకరికొకరు ధారాళంగా ఇచ్చేసుకునేవి. అలాంటిదాన్ని, ఏడాది చివర బయటి ఎగ్జామినరు ముందు, ముప్పైమంది అసలు పిల్లలకి అరగంట ఆటల పాఠం చెప్పాలి. తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి.

పరీక్ష రోజు ఒక పిల్లాడు రాలేదు. లెక్క సరిపోవాలని మాస్టారు తనే వచ్చి పిల్లల్లో కూర్చున్నారు. అందర్నీ సుద్దగీత చుట్టూ గుండ్రంగా కూర్చోబెట్టి ఈల ఊదాను. అంతే, తర్వాత ఏం చెప్పాలో బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. పిల్లలు నన్నే చూస్తున్నారు. ఎగ్జామినరమ్మ కలం మూత తీసింది.

పిల్లల మధ్య నుంచి ఒక లావుపాటి చెయ్యి లేచింది.

"టీచర్, నా లేసు ఊడిపోయింది."

"ఏమిటండీ ఇది?" అంది ఎగ్జామినరమ్మ.

"లేసండీ" అన్నారు మాస్టారు, వినయంగా.

పిల్లలు పగలబడి నవ్వారు. నేను కూర్చుని కట్టాను. మొదటి ముడికి ఊపిరి ఆడింది. రెండో ముడికి పాఠం గుర్తొచ్చింది. తలెత్తి చూస్తే, ఒక పాప అందరికన్నా జానెడు వెనక్కి జరిగి కూర్చుని ఉంది. అలా జరగడం నాకు బాగా తెలుసు. వెళ్ళి చెయ్యి పట్టుకుని, ఇవాళ ఆట మొదలుపెట్టేది నువ్వే అన్నాను. ఆ తర్వాత అరగంట ఎలా గడిచిందో తెలియదు. పాసయ్యాను.

ఆ నెలలోనే మాస్టారి రిటైర్మెంటు. సభలో ఆయన భార్య నా పక్కనే కూర్చున్నారు. లేసు గోలంతా చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆయన కట్టుకుంటే నిలవదని రోజూ నేనే కడతానమ్మా, ముడి మీద ముడి వేసి. విప్పాలంటే నాకే గోళ్ళు నొప్పెడతాయి. దానంతటది ఎలా ఊడుతుంది?"

పరుగుల అమ్మాయి పాఠంలో ఎందుకు ఊడలేదో అప్పుడు అర్థమైంది. నా పాఠంలో ఊడిన ప్రతిసారీ నేను నోరు పెగలక బొమ్మలా నిలబడి ఉన్నాను. కక్ష అనుకున్నందుకు సిగ్గేసింది.

ఇంతలో మాస్టారు మాట్లాడటానికి లేచారు. "ముప్పై ఏళ్ళు..." అన్నారు. ఇంక మాట రాలేదు. మైకు పట్టుకుని మావైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

నేను రెండో చెయ్యి ఎత్తాను.

"మాస్టారూ, నా లేసు ఊడిపోయింది."

ఆయన మెల్లగా మెట్లు దిగి, నా కుర్చీ దగ్గరికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. నా కాళ్ళకి చెప్పులున్నాయి.

వాటిని కాసేపు చూశారు. "గట్టిగా కట్టాను. ఇంక ఊడదు, వెళ్ళి ఆడుకో" అన్నారు. లేచి, వేదికెక్కి, గంటన్నర మాట్లాడారు. ప్రిన్సిపాల్ గారు మళ్ళీ గడియారం చూసుకున్నారు.