మూడు తీగల ముడి

ఉదయం వెలుగునూ సాయంత్రం సముద్రపు గాలినీ తప్పకుండా పంపే దేవునికి స్తోత్రం. ఇన్నేళ్లు స్తంభాల మీద పనిచేసిన నన్ను పడిపోనీయక, పదవీ విరమణ దినం వరకూ నిలబెట్టి, మా ఇద్దరికీ తల దాచుకోవడానికి ఒక ఇల్లు చూపించిన ఆయన నామానికే మహిమ కలుగును గాక. ఈ మాట ముందు చెప్పుకోకుండా నేను ఏ సంగతీ మొదలుపెట్టలేను.

నిరుడు మే నెలాఖరున విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. అసిస్టెంట్ లైన్‌మన్‌గా చేరి, లైన్‌మన్‌నై, మధ్యలో కొంతకాలం సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు కుర్చీలో కూర్చుని, ఆ మెట్టు దాకా వచ్చాను. ఆఖరి పోస్టింగు నాయుడుపేట. అక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేసి, కొడవలూరుకు తూర్పున రొయ్యల గుంటల పక్క ఊళ్లో కొనుక్కున్న పాత ఇంటికి మారాం. అంతకుముందు ఆ ఇల్లు ఒక టీచరుగారిది. ఉప్పుగాలికి గోడల సున్నం పెళ్లలుగా రాలుతోంది. వైరింగు చెక్కపట్టీల కాలం నాటిది. సామాను అంతా ముందు గదిలో కుప్పపోసి, వెనక నుంచి ఒక్కో గదీ బాగుచేయించుకుంటూ రావాలన్నది మా ఆలోచన.

ఉద్యోగం మానినంత తేలికగా అలవాట్లు మానవు. గాలి కాస్త గట్టిగా వీస్తే చెయ్యి ఫోను మీదికి పోయేది. ఏ ఫీడరు లైను పోయిందో, ఎవరు ఫోను చేస్తారో అని చూసేవాణ్ణి. ఎవరూ చేయరు. తాపీ మేస్త్రీ నిచ్చెన వేస్తే దాని కాళ్లు నేనే పట్టుకునేవాణ్ణి. నా భార్య రూతమ్మ వంటింటి అలమరాలు మోకాళ్ల నొప్పితో పీట ఎక్కే పని లేకుండా కిందికి దించమని కొలతలు చెబుతుంటే, ఆమె చెప్పిన కొలతను మేస్త్రీ చేత తిరిగి చెప్పించేవాణ్ణి. అది మా శాఖ పద్ధతి. ఫోనులో విన్నవాడు విన్నదాన్ని తిరిగి చెప్పాలి. చెప్పకపోతే విననట్టే లెక్క.

"ఇది సబ్‌స్టేషన్ కాదండీ, వంటిల్లు" అంది రూతమ్మ.

మా పనిలో ఎల్‌సీ అనే మాట ఒకటుంది. లైన్ క్లియర్. స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, ఫలానా లైను ఆపమని తన పేరుతో అడుగుతాడు. ఆపరేటరు లైను ఆపి, ఆపానని చెబుతాడు. అప్పటి నుంచి ఆ లైను ఆ లైన్‌మన్ సొత్తు. పై అధికారి అడిగినా, ఊరంతా వచ్చి గేటు ముందు నిలబడినా, ఎల్‌సీ తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. అంతవరకు స్విచ్ వేయకూడదు.

నేను ఆపరేటరుగా ఉన్న రోజుల్లో మస్తానయ్య అనే లైన్‌మన్ గుంటల వైపు వెళ్లే లైను మీద ఎల్‌సీ తీసుకున్నాడు. స్తంభం దగ్గర రెండు వైపుల తీగలనూ కలిపే ముక్కను జంపరు అంటాం. అది తెగిపోయింది. నేను లైను ఆపాను, చెప్పాను, అతను తిరిగి చెప్పాడు. సబ్‌స్టేషన్ వైపు తీగలకు ఎర్త్ రాడ్డు కూడా వేసుకున్నాడు. అంటే తీగలన్నిటినీ కలిపి భూమికి కట్టడం. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని వదిలి నేలలోకి పోతుంది. గుంటల వైపు మాత్రం వేయలేదు. అటు నుంచి కరెంటు రావడానికి దారే లేదని అందరం అనుకునే రోజులవి. ఒక గుంట యజమాని, కరెంటు పోయిందని, రొయ్యలకు గాలి కొట్టే చక్రాలు ఆగకుండా తన జనరేటరు వేసుకున్నాడు. లైను నుంచి విడదీసుకోకుండా వేశాడు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరులో వెనక్కి నడిచి స్తంభం దాకా వచ్చింది.

మస్తానయ్యకు ప్రాణం దక్కింది, కుడి చెయ్యి దక్కలేదు. విచారణలో నా వైపు, అతని వైపు అంతా సక్రమమే అని తేలింది. సక్రమంగా ఉండగానే ఒక చెయ్యి పోయింది. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా, చేసే పనికి రెండు వైపులా రాడ్లు వేయనిదే ఎవరినీ స్తంభం ఎక్కనివ్వలేదు. ఈ పట్టుదల చూసి నన్ను మెచ్చుకున్నవాళ్లు తక్కువ.

ఇంటి వైరింగుకు పెంచలయ్యను మాట్లాడుకున్నాం. సముద్రం మీద వేటకు పోయే ఇంటివాడు. వేట వాళ్ల నాన్నతో ఆపేసి, తను వైరింగు నేర్చుకున్నాడు. చెయ్యి నేర్పు ఉంది, నోరూ ఉంది. మొదటిరోజే నేను మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు గ్రిప్పులు పీకి చొక్కా జేబులో వేసుకుని, "ఎల్‌సీ తీసుకున్నానని చెప్పు పెంచలయ్యా" అన్నాను.

"ఎవురికి చెప్పాల సార్? మీరు ఈడనే ఉండారు గదా."

"నాకే చెప్పు."

చెప్పాడు. సాయంత్రం తిరిగి ఇచ్చినట్టూ చెప్పించాను. అలా కొన్నాళ్లు సాగింది. అతను పనిచేస్తుంటే పక్కన నిలబడేవాణ్ణి. ఏ తీగ పట్టుకున్నా ముందు టెస్టరు పెట్టమనేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం అన్నానికని పోయిన మనిషి తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. సగం గోడలకు వైర్లు పోయే గాళ్లు కొట్టి ఉన్నాయి. వైర్లు పోతేగాని పూత వేయలేమని మేస్త్రీ కూర్చున్నాడు. పైగా ఆ శుక్రవారం మా సంఘం ఇళ్లలో జరుపుకునే కాటేజీ ప్రార్థన మా ఇంట్లోనే. ఇంకా పూర్తికాని ఇంట్లో మొదటి స్తుతి వినబడాలని రూతమ్మే పెద్దలను అడిగి పెట్టించుకుంది.

రూతమ్మ పెంచలయ్య ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చింది.

"వస్తాడంట. ఒక్కటే షరతు. మీరు పక్కన నిలబడగూడదంట. నేను సరేనన్నాను."

నేను గాళ్లు కొట్టిన గోడ వైపు తిరిగాను.

"ఏమండీ, ఆ పిల్లోడు దొంగ కాదు, మీరు పోలీసూ కాదు. మీ మంచికే అంటున్నా. రిటైరైనారు. ఇంక మీ చేతి కింద పనిచేసేవాళ్లు ఎవురూ లేరు. నేనూ లేను." చివరి మాట నవ్వుతూనే అంది. కానీ అది చాలా రోజులుగా ఆమె దాచుకున్న మాటేనని నాకు తెలిసింది. ఆ రాత్రి మోకాళ్ల మీద ఉండి, నాలో ఏది పోవాలో ఏది ఉండాలో చూపించమని దేవుణ్ణి అడిగాను. మనస్సు తేటపడలేదు. నా తరఫున రూతమ్మ మాట ఇచ్చింది కనుక దాన్ని నిలబెట్టాలనుకున్నాను.

శుక్రవారం పెంచలయ్య వచ్చాడు. హాల్లో ఫ్యాన్లు అప్పటికే బిగించి ఉన్నాయి. మిగిలింది వెనక గది. ప్రార్థన వేళకు అది ముగించి, అందరికీ కరెంటు ఇచ్చి పోతానన్నాడు. నేను మామూలుగానే మెయిన్ ఆపి, ఫ్యూజులు జేబులో వేసుకున్నాను. వెనక గదిలో, హాలు నుంచి వచ్చే తీగల కొసలు గోడలోంచి బయటికి వేలాడుతున్నాయి. అతను నా వైపు చూశాడు, ఇంకా పోలేదేమని.

"పోతాను. ఆ మూడు కొసలూ కలిపి ముడివెయ్యి. ఫేజు, న్యూట్రలు, ఎర్తు."

"ఎందుకు సార్?"

"హాలు వైపు నుంచి కరెంటు వస్తే నీ చేతికి రాకుండా."

అతను కటింగ్ ప్లేయరు నడుముకు ఆనించుకుని నవ్వాడు. "ఫ్యూజులు మీ జేబులో ఉండాయి. మెయిన్ ఆపి ఉండాది. కరెంటు యాడనించి వస్తది, ఆకాశం నించా?"

గుమ్మంలో రూతమ్మ నిలబడి ఉంది. షరతు గుర్తుచేస్తున్నట్టు చూసింది. ఇంకో మాట పెరిగితే ప్లేయరు సంచిలో వేసుకుని పోతాడని నాకు తెలుసు. గది మిగిలిపోతుంది, ప్రార్థన పాడవుతుంది. అతనితో వాదించలేదు. నేనే వంగి ఆ మూడు కొసలనూ కలిపి గట్టిగా మెలిపెట్టాను.

"ఇది విప్పకుండా మిగతా పని చేసుకో. ఆఖర్న విప్పేటప్పుడు నన్ను పిలువు. అంతే, ఇటువైపు రాను."

"సరే గానీయ్, ఒక ముడికి ఏం బరువు" అని నిచ్చెన ఎక్కాడు.

నేను వీధి గుమ్మం దగ్గరికి వచ్చి కుర్చీ వేసుకున్నాను. పాస్టరు అయ్యగారు రావడానికి ఇంకా సమయం ఉంది. అంతలో సంఘపెద్ద దావీదన్న మైకు సెట్టు మోపెడ్ మీద పెట్టుకుని వచ్చాడు. మా సంఘంలో నలుగురు కూడినా మైకు ఉండాల్సిందే. ఆ సెట్టు ఆయన పరిచర్య. మోయడం, బిగించడం, తుడవడం ఎవరికీ వదలడు. కరెంటు లేదు, వెనక పని జరుగుతోంది అని చెప్పాను. "పర్వాలేదన్నా, ముందు సర్దుకుంటా" అని లోపలికి వెళ్లాడు. అప్పటికే స్త్రీల సమాజం వాళ్లు వచ్చి చాపల మీద కూర్చుని చీర కొంగులతో విసురుకుంటున్నారు. అంతలో రిక్షా దిగుతున్న పెద్దావిడకు చెయ్యి అందించడానికి నేను వీధిలోకి దిగాను.

లోపల జరిగింది తర్వాత దావీదన్నే చెప్పాడు. మైకు ఒక్కదానికైతే పక్కింటి నుంచి మామూలు వైరు లాగితే సరిపోతుంది. కానీ ఆడవాళ్లకు చెమటలు పోస్తున్నాయి, పైన కొత్త ఫ్యాన్లు ఊరికే వేలాడుతున్నాయి. ఆయన సంచిలో ఒక వైరు ఉంటుంది. దాని రెండు కొసలకూ ప్లగ్గులే. కాటేజీ ప్రార్థనల్లో కరెంటు పోయినప్పుడల్లా, ఒక ప్లగ్గు కరెంటు ఉన్న పక్కింట్లో, రెండోది ప్రార్థన ఇంటి సాకెట్లో పెడతాడు. ఇల్లంతా వెలుగుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. అందరూ స్తోత్రం అంటారు. ఎన్నో ఇళ్లలో అలా చేశాడు. పక్కింటి అక్కను అడిగి, కిటికీలోంచి వైరు లాగి, మా హాలు సాకెట్లో ప్లగ్గు పెట్టి, వెళ్లి అక్కడి స్విచ్ వేశాడు.

టప్ మని శబ్దం వచ్చింది. పక్కింటి రేడియో ఆగిపోయింది.

ఆ శబ్దం నాకు తెలుసు. పెద్దావిడను గుమ్మంలో కూర్చోబెట్టి వెనక గదిలోకి పరుగెత్తాను. పెంచలయ్య నిచ్చెన దిగి నేల మీద నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తీగ అలాగే ఉంది. ముడి దగ్గర రాగి కాస్త నల్లబడింది.

"ఏమన్నా తగిలిందా?"

"లేదు సార్." కాసేపు ముడి వైపే చూశాడు. "యాడనించి వచ్చింది?"

హాల్లోకి వెళ్లి చూశాం. కిటికీలోంచి వచ్చిన వైరు మా సాకెట్లో ఉంది. పక్కింట్లోంచి దావీదన్న వచ్చి, "వాళ్ల ఫ్యూజు పోయినట్టుండాదన్నా" అన్నాడు. నేను వైరు పీకి, ఆయన్ను వెనక గదికి తీసుకెళ్లి ముడి చూపించి, వచ్చిన కరెంటు అక్కడే కలిసిపోయి పక్కింటి ఫ్యూజును ఎగరగొట్టిందనీ, అది లేకపోతే ఆ కొసలు ఎవరి చేతిలో ఉండేవో చెప్పాను. ఆయన నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఆడోళ్లకు గాలాడలేదని..." అన్నాడు.

"నువ్వేం చేస్తావులే పెద్దాయనా, నీకు తెలవదు గదా" అన్నాడు పెంచలయ్య. తర్వాత నా వైపు తిరిగి, "సార్, ఎల్‌సీ తిరిగిస్తుండా. ఈ పూటకు చేతులు ఆడటంల్యా" అన్నాడు. అడగకుండా అతను ఆ మాట అనడం అదే మొదలు.

ఆ సాయంత్రం మైకు లేకుండానే ప్రార్థన జరిగింది. తలుపులన్నీ తెరిచిపెట్టాం. సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. దావీదన్న ఏ పాటా ఎత్తలేకపోయాడు. పెంచలయ్య వెళ్లకుండా అరుగు మీద కూర్చుని, రూతమ్మ ఇచ్చిన టీ తాగాడు. అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి, మెయిన్ ఆపడం, ఫ్యూజులు తీయడం, తీగలు ముడివేయడం, అదే వరుసలో చెప్పి, రెండు ప్లగ్గుల వైరు ఎందుకు వాడకూడదో వివరించి కూర్చున్నాను. చాపమీదున్న ఒక సహోదరి, "అద్భుతం ఏదీ అన్నా, మీరు అద్భుతం చెప్పనేలేదే" అంది. అయ్యగారు ముప్పేట తాడు త్వరగా తెగదన్న బైబిలు మాట ఎత్తుకుని ఆ లోటు తీర్చారు. నాకు అంత ఘనమైన ఉపమానం తోచలేదు. దేవుడు ఆ పూట నా చేతికి ఇచ్చింది మెలిపెట్టడానికి సరిపడా ఓపిక.

అందరూ వెళ్లాక రూతమ్మ ముడి ఎక్కడుందో చూపించమంది. దీపం పట్టుకుని కాసేపు చూసింది. "పక్కన నిలబడకుండానే చేసినారు గదా" అంది. తర్వాత వారం వంటింటి అలమరా కొలతను మేస్త్రీతో తనే తిరిగి చెప్పించింది. నేను వినలేదన్నట్టు ఊరుకున్నాను.

దావీదన్న ఆ వైరు నా చేతికి ఇచ్చాడు. ఆయన ముందే ఒక కొస కత్తిరించి, ప్లగ్గు తీసేసి, సాకెట్ పెట్టె బిగించి తిరిగి ఇచ్చాను. ఇప్పుడు అది మైకుకూ, ఒక నిలబెట్టే ఫ్యానుకూ పనికొస్తుంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు సంగతులు. ఫ్యూజు నా జేబులో ఉందన్నది నాకు తెలిసిన దారికి మాత్రమే కాపలా. మంచి మనసుతో ఎవరో తెరిచే దారి నాకు తెలియదు, కనుక రక్షణ పనిచేసే చేతి పక్కనే ఉండాలి. రెండోది, మనిషి పక్కన నిలబడి అజమాయిషీ చేయడం నా హోదాకు సంబంధించింది. దాన్ని మే నెలాఖరున ఉద్యోగ బాధ్యతలతో పాటు అప్పగించి రావలసింది. ముడి వేయడం నా పని. దాన్ని అప్పగించడానికి వేరే ఎవరూ లేరు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. ఎడమ చేత్తో అన్నం తింటున్న మస్తానయ్య కోసం, ఈ వేళ ఎక్కడో నిచ్చెన మీదున్న పెంచలయ్య కోసం, పేరు తెలియని ఊళ్లలో తీగ మీద చెయ్యి వేస్తున్న ప్రతి మనిషి కోసం ప్రార్థించండి. వాళ్లు సాయంత్రం తమ నోటితోనే పని అయిందని చెప్పి ఇంటికి చేరేలా దేవుడు కాపాడును గాక. ఆమేన్.